నలభై మూడో పేజీ దిద్దుబాటు

మొన్న హైదరాబాదులో ఒక కంటి ఆసుపత్రిలో కూర్చున్నాను. నర్సమ్మాయి చీటీ చూసి ఎవరినో పిలిచింది. నా వెనక వరసలోంచి ఒక పెద్దాయన "ఆయ్" అన్నారు. ఆ అమ్మాయికి అర్థం కాలేదు. మళ్ళీ పిలిచింది. ఆయన మళ్ళీ "ఆయ్" అన్నారు, ఈసారి కొంచెం గట్టిగా. మూడోసారి కూడా పిలిచి, మనిషి లేడనుకుని తర్వాతి చీటీ తీయబోతుంటే నేను లేచి, ఆయన ఉన్నారమ్మా, ఇందాకణ్ణుంచీ పలుకుతూనే ఉన్నారని చెప్పవలసి వచ్చింది. పెద్దాయన నాకేసి సంతోషంగా చూసి ఏ ఊరండీ అని అడిగారు. రాజోలు దగ్గర అన్నాను. ఆయనది కాట్రేనికోనట.

ఆయన లోపలికి వెళ్ళాక నాకు ఉన్నట్టుండి నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. అప్పుడే నా కళ్ళలో చుక్కల మందు వేసి ఉన్నారు కాబట్టి ఎవరూ ఏమీ అనుకోలేదు. నాకు గుర్తొచ్చింది మా జువాలజీ మాస్టారు. ఆయన పోయి ముప్ఫై ఏళ్ళు దాటింది.

మా వైపు వాళ్ళు కాని వాళ్ళకి ఈ 'ఆయ్' సంగతి కొంచెం చెప్పాలి. అది అవునని కాదు, సరేనని కూడా కాదు. మీరన్నది విన్నాను, మీరంటే గౌరవం ఉంది, నేనిక్కడే ఉన్నాను. ఈ మూడూ కలిపి ఒక్క ముక్కలో అనేస్తాం. దీని మీద మాస్టారు ఒక పాఠమే కట్టారు. ఆ పాఠం మా అమ్మ ప్రాణం దాకా వచ్చింది, ఆయన ప్రాణం దాకా కూడా వచ్చింది. అదే చెబుదామని.

డెబ్బైల చివర్లో నేను అమలాపురంలో ఇంటర్ చదివాను, బైపీసీ. అప్పటికే మాస్టారికి నలభై దాటాయి. పొట్టి మనిషి. పంచె, తెల్ల చొక్కా, జేబు దగ్గర ఎప్పుడూ ఆరని ఎర్రసిరా మరక. పేరు రాయడం లేదు. రాసినా ఉపయోగం లేదు, ఎందుకంటే మాలో ఎవరమూ ఆయన్ని పేరుతో తలచుకోలేదు. కాలేజీలో మిగతా వాళ్ళందరూ సార్లు. మాస్టారంటే ఆయనొక్కరే.

ఆయన మర్యాద జబ్బు స్థాయికి ముదిరిపోయింది. పదహారేళ్ళ పిల్లల్ని మీరు అనేవారు. మగపిల్లలు అబ్బాయిగారూ, ఆడపిల్లలు అమ్మాయిగారూ. అంతటితో ఆగితే బాగుండును. కప్పని కోసే ముందు "కప్పగారూ, క్షమించాలండి" అనేవారు. బొద్దింకగారి నోటి భాగాలు, వానపాముగారి ఉదరం, మూత్రపిండంగారు. బోర్డు మీద ఒక్క ఊపులో గుండ్రంగా కణం బొమ్మ గీసి, మధ్యలో బొటనవేలితో కేంద్రకం అద్ది, గంట కొట్టాక దాన్ని చెరిపేటప్పుడు "వస్తామండి" అని సెలవు తీసుకునేవారు. ప్రిన్సిపాలుగారిని గారు అన్నా బొద్దింకని గారు అన్నా ఆయన గొంతులో తేడా ఉండేది కాదు. ఇది ప్రిన్సిపాలుగారికి కొంచెం కష్టంగా ఉండేదని అటెండరు చెప్పేవాడు.

మొత్తం జీవకోటిలో ఆయన గారు తగిలించనిది ఒక్క కేన్సరు కణానికే. వాడు అనేవారు. ఎందుకండీ అని ఎవరో అడిగితే కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ చెప్పారు.

"ఒంట్లో ప్రతి కణంగారూ టైమొస్తే పక్కవాళ్ళకి చోటిచ్చి తప్పుకుంటారండి. వాడు తప్పుకోడు. మర్యాద తెలీనోడికి మనం మర్యాదెందుకండీ?"

ఇక నోట్సు. మాస్టారు చెప్పే నోట్సు అందరి పుస్తకాల్లోనూ ఒకే పేజీలో ఒకే వరసలో ఉండాలి. పెద్ద అక్షరాల వాళ్ళని చిన్నగా రాయమనేవారు, చిన్న అక్షరాల వాళ్ళని పెద్దగా రాయమనేవారు. ప్రతి పేజీకి మూల అంకె వెయ్యాలి. ఎందుకింత హింసో మాకు తెలిసేది కాదు. "రేపు నేను తప్పు చెప్పేనని తెలిస్తే, ఎక్కడ దిద్దుకోవాలో మీకు చెప్పాలి కదండీ" అనేవారు. ఇంకొకరి తప్పు ఎత్తి చూపడం ఆయన వల్ల అయ్యేది కాదు. సున్నా వెయ్యవలసిన జవాబు పక్కన కూడా "ఇలా కూడా అనుకోవచ్చునేమో" అని రాసి అర మార్కు వేసేవారు. తన తప్పు మాత్రం ఒక్క రోజు కూడా మోయలేకపోయేవారు. తప్పు చెప్పి పోకూడదండి అన్నది ఆయన ఊతపదం. పోవడం అంటే క్లాసులోంచి పోవడమనే మేం అనుకునేవాళ్ళం.

హాజరు పిలిచేటప్పుడు మొదట్లో అందరం ప్రెజెంట్ సార్ అనేవాళ్ళం. ఒకరోజు సఖినేటిపల్లి నుంచి వచ్చే కుర్రాడు నిద్రమత్తులో "ఆయ్" అన్నాడు. క్లాసంతా ఘొల్లుమంది. మాస్టారు మాత్రం రిజిస్టరు మూసి, ఆ అబ్బాయిగారు పలికిందే మన పలుకు, రేపట్నించి అందరూ అలాగే పలకండి అన్నారు. అప్పట్నించీ మా క్లాసు హాజరు అరవై ఆయ్‌లు. పక్క గదిలో లెక్కల సారు తలుపు వేసుకునేవారు.

నలభై మూడో పేజీలో ఉన్నది తెల్లరక్తకణాల పాఠం. అందులో మాస్టారు మాకు చెప్పింది ఇది. లింఫోసైటుగారు ఒళ్ళంతా తిరుగుతూ ప్రతి కణంగారి గుమ్మంలోనూ ఆగుతారు. ప్రతి గుమ్మానికీ ఒక బోర్డు ఉంటుంది. లోపల ఏం తయారవుతోందో దాని నమూనా ఆ బోర్డు మీద పెట్టి చూపించడం కణంగారి బాధ్యత. అక్కడ కొత్త సరుకు ఏదైనా కనపడితే, లోపల సూక్ష్మజీవైనా దూరి ఉండాలి, కణమే కేన్సరుగానైనా మారి ఉండాలి. లింఫోసైటుగారు అక్కడికక్కడే పట్టుకుంటారు. కొత్తది కనపడితేనే పట్టుకుంటారు, లేకపోతే వదిలిపెడతారు అని కింద గీత గీయించారు. మేం గీశాం, పరీక్ష రాశాం, మర్చిపోయాం. నేను పోస్టాఫీసు పరీక్ష రాసి రాజోలులో గుమస్తాగా చేరాను.

మాస్టారు మర్చిపోలేదు. విశాఖపట్నంలో ఆయన బావమరిది డాక్టరు. చదివేసిన విదేశీ పత్రికలు మూటకట్టి ఏడాదికోసారి పంపేవాడు. ఎనభైలు సగం దాటాక వచ్చిన అలాంటి మూటలో మాస్టారికి ఒక కొత్త సంగతి దొరికింది. కేన్సరు కణం చాలాసార్లు ఆ గుమ్మంలో బోర్డే పీకి పారేస్తుందట. బోర్డు లేకపోతే లింఫోసైటుగారికి చూడడానికేమీ ఉండదు, కొత్తది కనపడదు కాబట్టి ముందుకు వెళ్ళిపోతారు. కాని ఇంకో రకం కణాలున్నాయట, కిల్లర్లు. వాళ్ళు కొత్తది ఉందా అని చూడరు. ఉండవలసినది ఉందా అని చూస్తారు. ఆ బోర్డు, అంటే మనవాళ్ళ గుర్తు, లేకపోతే చాలు, చంపేస్తారు.

అంటే నలభై మూడో పేజీలో గీత గీయించిన వాక్యం తప్పు.

మాస్టారు మూడు రోజులు సరిగ్గా అన్నం తినలేదని వాళ్ళావిడగారు తర్వాత చెప్పారు. తప్పు తెలిసిందని ఒక బెంగ. దాన్ని మన మాటల్లో ఎలా చెప్పాలో తెలియక ఇంకో బెంగ. లేనిదాన్ని చూసి పట్టుకోవడం అంటే పిల్లలకి ఎలా ఎక్కుతుంది? నాలుగో రోజు క్లాసులో హాజరు పిలుస్తున్నారు. ఆయ్, ఆయ్, ఆయ్ అని వరసగా వస్తోంది. ఒక పేరు దగ్గర ఆగిపోయింది. ఆ కుర్రాడు క్లాసులోనే ఉన్నాడు, కిటికీలోంచి రోడ్డు మీద సినిమా బండి చూస్తున్నాడు. పలకలేదు. అరవై తలలు ఒక్కసారి వాడి వైపు తిరిగాయి. మాస్టారు రిజిస్టరు అక్కడే పడేసి "దొరికేరండీ" అన్నారట. కుర్రాడు తనని అన్నారనుకుని బెంచీ ఎక్కి నిలబడ్డాడు.

అలా పుట్టింది కొత్త పాఠం. కిల్లర్‌గారు గుమ్మంలో నిలబడి ఏవండీ అని పిలుస్తారు. మంచి కణంగారైతే లోపల్నుంచి ఆయ్ అంటారు. అన్నవారిని వదిలిపెడతారు. వాడు అనడు. అంతే, వాడి పని అయిపోతుంది.

ఆ ఏడాది అనంతపురం నుంచి బదిలీ మీద ఒక కొత్త లెక్చరరుగారు వచ్చి హాఫియర్లీ పేపర్లు దిద్దారు. ప్రతి పిల్లా పిల్లాడూ "మంచి కణం ఆయ్ ఇచ్చును, కేన్సరు కణం ఆయ్ ఇవ్వదు" అని రాస్తే ఆయన అందరికీ నిండా మార్కులు వేసి, సాయంత్రం స్టాఫ్‌రూములో మాస్టారి దగ్గరికొచ్చి చాలా వినయంగా అడిగారట.

"సార్, నేను చదివినప్పుడు ఇది లేదు. ఈ ఆయ్ అనేది ఏ గ్రంథిలో పుడతాది సార్?"

మాస్టారు అరగంట ఆలోచించి, గొంతులోనండి అని చెప్పారు. ఆయన అబద్ధం చెప్పలేరు.

కొత్త క్లాసుకి సరే. మరి పాత క్లాసుల సంగతి? పదేళ్ళుగా నలభై మూడో పేజీ రాసుకున్న వాళ్ళు కోనసీమంతా పరుచుకుని ఉన్నారు. వాళ్ళలో నూటికి తొంభైమందికి ఆ పుస్తకమే లేదు, ఉన్నవాళ్ళు అందులో కాగితాలు చింపి పొట్లాలు కట్టేశారు. ఇవేవీ మాస్టారికి పట్టలేదు. ఆదివారం ఆదివారం సైకిలు బస్సు మీద కట్టించుకుని, ఎర్రసిరా కలం జేబులో పెట్టుకుని బయల్దేరారు.

కొత్తపేటలో బట్టల షాపు పెట్టుకున్న ఒకతను పెళ్ళివారికి చీరలు విప్పి చూపిస్తుంటే, మాస్టారు చీరల మధ్యే కూర్చుని దిద్దుబాటు చెప్పారు. పెళ్ళివారు కూడా విన్నారు. పెళ్ళికూతురి మేనత్త ఒక ప్రశ్న కూడా అడిగిందట. సఖినేటిపల్లి రేవులో ఆ నిద్రమత్తు కుర్రాడే పంటు మీద టిక్కెట్లు కొడుతున్నాడు. గోదావరి దాటి నర్సాపురం గట్టుకి చేరేసరికి మాస్టారి పాఠం సగమే అయింది. తిరిగి ఇటొచ్చేసరికి కుర్రాడికి ఒక అనుమానం వచ్చింది. అలా నాలుగుసార్లు దాటారు. మస్కట్‌లో ఉన్న ఇంకొకతనికి ఉత్తరం రాశారు. ఊరి నుంచి మాస్టారి చేతిరాతతో ఉత్తరం అనేసరికి ఇంట్లో ఎవరికేమైందోనని అతను గబగబా విప్పాడట. "నలభై మూడో పేజీ, కింద నుంచి నాలుగో వరస" అని ఉంది. గదిలో ఉన్న ఆరుగురికీ చదివి వినిపించి, ఆ తర్వాత కూర్చుని ఏడ్చానని నాకు తర్వాత చెప్పాడు.

మా ఇంటికి కూడా ఒక ఆదివారం వచ్చారు. ఇక్కడ మా అమ్మ గురించి చెప్పాలి. అమ్మ మా ఊరి ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. నాన్న నా చిన్నప్పుడే పోయారు. ఇంట్లో మేమిద్దరమే. ఆయ్ అనడంలో అమ్మని మించిన వాళ్ళు మా ఊళ్ళో లేరు. చర్చిలో పాస్టరుగారు ప్రసంగిస్తుంటే అందరూ ఆమెన్ అంటారు. ఆడవాళ్ళ వైపు నుంచి ఒక్క గొంతు మాత్రం ఆయ్ అంటుంది. మొదట్లో పాస్టరుగారు ఇబ్బంది పడేవారు. తర్వాత తర్వాత ఆ ఆయ్ కోసం ఆగి, అది వచ్చాకే రెండో వాక్యం ఎత్తుకునేవారు. మాస్టారంటే అమ్మకి గురి. పనసాకు బుట్టల్లో ఉడికించే ఇడ్లీలు, పొట్టిక్కలంటే ఆయనకి ప్రాణమని, ఆయన వస్తే తప్పకుండా వేసేది.

ఆ రోజు నేను నోట్సు వెతికి పట్టుకొచ్చాను. నా పుస్తకం ఉన్నందుకు మాస్టారి మొహం వెలిగిపోయింది. అరుగు మీద కూర్చుని పేజీ తిప్పుతూ, లోపల్నుంచి కొబ్బరినీళ్ళు పట్టుకొచ్చిన అమ్మని పలకరించారు. బాగున్నారాండీ టీచరమ్మగారూ అంటే బానే ఉన్నానండి అంది. బడి బాగా నడుస్తుందాండీ అంటే నడుస్తుందండి అంది. పిల్లలు ఎక్కువయ్యేరంటున్నారు అంటే అవునండి అంది. అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. మాస్టారు నాకు పాఠం మొదలుపెట్టారు. ఏవండీ అని పిలుస్తారండి, మంచి కణంగారైతే, అని ఆగిపోయారు. కలం గాల్లోనే ఉండిపోయింది. వంటింటి వైపు చూశారు.

"అమ్మాయిగారూ, అమ్మగారు ఆయ్ అనడం మానేసి ఎన్నాళ్ళయిందండి?"

నాకు తెలియదు. అమ్మతో ఒకే ఇంట్లో ఉంటూ, రోజూ ఆమె చేతి అన్నం తింటూ, నేను గమనించలేదు. ఆలోచిస్తే, పాస్టరుగారు కొన్ని ఆదివారాలుగా వాక్యానికీ వాక్యానికీ మధ్య తడబడుతున్నారని గుర్తొచ్చింది. నాకు సిగ్గేసింది. మాస్టారు ఇంకేమీ అడగలేదు. పరాయి ఆడమనిషిని ఒంట్లో ఏమైందండీ అని అడగడం ఆయన మర్యాదలో లేదు. దిద్దుబాటు సగంలో వదిలేసి, రేపొస్తానండి అని లేచారు. పొట్టిక్కలు కూడా తినలేదు. అది చూసి నాకు మొదటిసారి భయం వేసింది.

మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి వాళ్ళావిడగారిని వెంటబెట్టుకుని వచ్చారు. ఆవిడ తీరు మాస్టారికి పూర్తిగా విరుద్ధం. ఆయన నాలుగు వాక్యాల్లో తిప్పి చెప్పేది ఆవిడ ఒక్క మాటలో తేల్చేసేవారు. సరాసరి వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. మాస్టారు అరుగు మీద నా నోట్సు తలకిందులుగా పట్టుకుని చదువుతూ కూర్చున్నారు. పావుగంట తర్వాత ఆవిడ బయటికొచ్చి, "రొమ్ములో గడ్డ. ఆరు నెల్లయింది. రేపు పొద్దున్న కాకినాడ వెళ్తున్నాం" అన్నారు. వెనకాల అమ్మ తలుపు పట్టుకుని నిలబడి ఉంది. ఎందుకు చెప్పలేదమ్మా అంటే, ఎవరితో చెప్పనే అంది. ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది. ఆ ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే.

కాకినాడ ఆసుపత్రిలో ఆపరేషను చేశారు. ఆలస్యమైంది గాని మరీ ఆలస్యం కాలేదన్నారు. ఆ వారం రోజులూ మాస్టారు వరండాలో బెంచీ మీదే ఉన్నారు. అటూ ఇటూ తిరిగే డాక్టర్లకి లేచి నిలబడి నమస్కారం పెట్టేవారు, తుడిచే ఆవిడకీ పెట్టేవారు. అమ్మ మత్తులోంచి తేరుకుంది గాని రెండు రోజులు పెద్దగా మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున్న నర్సు వచ్చి మంచం దగ్గర అమ్మ పేరు పిలిచింది. వరండాలోకి వినపడింది, నీరసంగా, కాని స్పష్టంగా, "ఆయ్" అని.

మాస్టారు బెంచీ మీద నుంచి లేచారు. "అదుగోనండి. వచ్చేసేరు," అన్నారు. జేబులోంచి రుమాలు తీసి కళ్ళజోడు తుడుచుకున్నారు. కళ్ళు తుడుచుకోవడం మర్చిపోయారు.

అమ్మ ఇంటికొచ్చాక మాస్టారు వచ్చి, సగంలో ఆగిన నా దిద్దుబాటు పూర్తి చేయించారు. కణం మీద గుర్తుకీ మా అమ్మ ఆయ్‌కీ సంబంధం లేదని నాకు తెలుసు. ఆయనకి ఇంకా బాగా తెలుసు. తన పోలిక తనకే ఎదురొచ్చి నిలబడిందని ఆయన కొన్నాళ్ళు ఇబ్బంది పడ్డారు కూడా, ఇది సైన్సు కాదండి, ఎవరితో అనకండి అని నన్ను బతిమాలారు. నేను అందరితోనూ అన్నాను. ఊళ్ళో అప్పట్నించీ ఎవరు ఆయ్ అనకపోయినా, ఆసుపత్రికి వెళ్ళొచ్చావా అని అడగడం మొదలైంది. చంటిపిల్లల్ని కూడా అడిగేవారు.

ఏడాదిన్నర తర్వాత ఒక మధ్యాహ్నం మాస్టారు రాజోలు పోస్టాఫీసులో నా కౌంటరు దగ్గరికి వచ్చారు. వెనక వరస పెద్దదిగా ఉంది. పది కార్డులివ్వండి అమ్మాయిగారూ అన్నారు. లెక్కపెట్టి ఇచ్చాను. చొక్కా వదులుగా వేలాడుతోంది. చిక్కిపోయేరేంటండీ మాస్టారూ అన్నాను. ఆయన నవ్వారు.

"కడుపులో ఒకాయన దిగేరండి. కొంచెం పేచీకోరు మనిషి."

నేనూ నవ్వాను. అజీర్తిని కూడా 'ఒకాయన' అనగలిగిన వారు మాస్టారొక్కరే కదా అనుకున్నాను. ఏం ఫర్వాలేదు కదండీ అన్నాను.

"ఆయ్" అన్నారు.

నిండుగా, ఎప్పటిలాగే, గొంతు ఎక్కడా జీరపోకుండా అన్నారు. నా మనసు కుదుటపడింది. ఆయన పాఠమే కదా, పలికిన వాళ్ళని వదిలిపెడతాం. అమ్మ పొట్టిక్కలు వేస్తుంది, ఆదివారం రండి అని చెప్పి వెనకాయన మనియార్డరు ఫారం అందుకున్నాను. తలెత్తేసరికి మాస్టారు వెళ్ళిపోయారు.

రెండు నెలలకి కబురొచ్చింది. అమ్మా నేనూ అమలాపురం వెళ్ళాం. వీధి నిండా పాత క్లాసులన్నీ నిలబడి ఉన్నాయి. అనంతపురం లెక్చరరుగారు కూడా ఒక స్తంభానికి చేరబడి ఉన్నారు. నేను వాళ్ళావిడగారి పక్కన కూర్చున్నాను. కౌంటరు దగ్గరికి వచ్చిన నాటికే ఆయనకి తెలుసా అండీ అని అడిగాను.

"అంతకి నెల ముందే తెలుసమ్మా. నాతోనూ ఒకాయన దిగేరనే అన్నారు. వాడు అని ఉంటే ఆ పూటే పట్టుకుని కాకినాడ తీసుకెళ్ళేదాన్ని. ఆ సంగతి తెలిసే అనలేదు. ఇక కోయడానికేం లేదని డాక్టర్లు చెప్పేశారట, ఎందుకు అందరికీ శ్రమ అనుకున్నారు."

ఎన్నో ఏళ్ళుగా వాడు వాడు అన్నవాడికి, మమ్మల్ని మభ్యపెట్టడం కోసం, మర్యాద ఇచ్చారు. నాకు ఏడుపుతో పాటు కోపం కూడా వచ్చింది. మాస్టారి మీద కోపం రావడం అదే మొదలు.

అక్కణ్ణుంచి తిరిగొచ్చిన మూడో రోజు పొద్దున్న పోస్టాఫీసులో సంచీ విప్పి ఉత్తరాలు ముద్ర కొడుతుంటే నా పేరు మీద ఒక కార్డు కనపడింది. ఎర్రసిరా. నేను లెక్కపెట్టి ఇచ్చిన పది కార్డుల్లో ఒకటి. పదిమందికి రాసి బల్ల మీద పెట్టి, తర్వాత పోస్టు చెయ్యమని వాళ్ళావిడగారితో చెప్పారట. దాని మీద ముద్ర కొట్టవలసింది నేనే. కొట్టి, చదివాను.

"అమ్మాయిగారికి. నలభై మూడో పేజీ, కొత్తగా దిద్దుకున్న వరస. ఆయ్ అన్నవారిని వదిలిపెడతారు అని రాయించేను. తప్పు కాదు గాని చాలదు. కేన్సరు వాళ్ళలో కొందరు ఆ ముక్క నేర్చుకుని తామూ ఆయ్ అంటారు. కిల్లర్‌గారు నమ్మి వెళ్ళిపోతారు. కాబట్టి ఆ వరస చివర 'ఒక్కోసారి, పొరపాటున' అని చేర్చుకోగలరు. అందులో కిల్లర్‌గారి తప్పేమీ లేదు. శ్రమ ఇచ్చినందుకు క్షమించాలి. అమ్మగారిని అడిగేనని చెప్పగలరు."

ఆ సాయంత్రం ఎర్రసిరా కొనుక్కుని ఇంటికెళ్ళి చేర్చుకున్నాను. అమ్మకి కార్డు చదివి వినిపించాను. చివరి ముక్క దగ్గర అమ్మ ఎదురుగా ఆయనే ఉన్నట్టు "ఆయ్" అంది.

అమ్మ ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. రోజూ ఎలా ఉందమ్మా అని అడిగేదాన్ని, ఆయ్ అనేది. అది సరే, ఎలా ఉంది అని రెండోసారి అడిగేదాన్ని. అప్పుడు మోకాళ్ళు, నిద్ర, కళ్ళు తిరగడం అన్నీ ఒక్కొక్కటే బయటికి వచ్చేవి. విసుక్కునేది కూడా, ఒకసారి అడిగితే చాలదా అని.

కంటి ఆసుపత్రిలో కాట్రేనికోన పెద్దాయన డాక్టరు గదిలోంచి బయటికి వచ్చారు. చేతిలో చీటీని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకుంటున్నారు. అంతా బానే ఉందన్నారాండీ అని అడిగాను.

"ఆయ్" అన్నారు.

పక్క కుర్చీలో ఉన్న నా సంచీ తీసి కింద పెట్టాను.

"కూర్చోండి," అన్నాను. "ఇప్పుడు చెప్పండి."